అడిగే పెద్దాయన

స్కానింగ్ సెంటర్లో ఆ పెద్దాయనంటే టెక్నీషియన్‌కి ఒళ్ళుమంట.

పేషెంటు కాదు, పేషెంటు తాలూకు మనిషీ కాదు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి బల్లమీద కూర్చునేవాడు. తల స్కానింగ్‌కి ఎవరొచ్చినా పక్కకు జరిగి ఒకటే ఆరా.

"అమ్మా, ఇదివరకెప్పుడైనా క్యాన్సర్ గడ్డ తీశారా? తీసుంటే లోపల తప్పకుండా చెప్పు. ఇంజెక్షన్ వేసి స్కాన్ తీయమను, మామూలుగా తీస్తే చిన్న మచ్చలు కనబడకపోవచ్చు."

ఒకరోజు తలనొప్పితో వచ్చిన టీచరమ్మ మొహం మాడ్చుకుంది.

"ముక్కూమొహం తెలియని మనిషి ఇలా అడుగుతాడేంటండీ?" ఆమె చెల్లెలు గొడవ పెట్టుకుంది.

టెక్నీషియన్ విసవిసా బయటికొచ్చాడు.

"ఏమయ్యా, నీకిక్కడేం పని?"

"మీరు అడగరు కదా బాబూ. అందుకే నేను అడుగుతున్నా."

ఆ మాట చురుక్కుమంది. నిజమే, అతను అడిగేవాడు కాదు. బయట ముప్పై మంది కూర్చుని ఉంటారు. పని త్వరగా తెమలాలని, ఫారాల కట్టంతటికీ 'పాత జబ్బులు' అన్నచోట 'లేవు' అని పొద్దున్నే రాసిపెట్టుకునేవాడు.

"పెద్ద డాక్టరుగారు బయల్దేరారండీ!" అని వెక్కిరించి, గార్డును పిలిచి గేటు దాటించాడు.

టీచరమ్మకి ఇంజెక్షన్ లేకుండానే స్కానింగ్ అయింది. రిపోర్టులో ఏమీ తేలలేదు.

నెల తిరక్కుండా ఆమెను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఫిట్స్. కుడిచెయ్యి పడిపోయింది. ఈసారి డాక్టరే ఇంజెక్షన్ వేసి తీయమని రాశాడు.

తెరమీద మెదడులో తెల్లటి మచ్చలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, టెక్నీషియన్ లెక్కపెట్టడం మానేశాడు.

"ఇదివరకు ఆపరేషనేమైనా..." బయటికొచ్చి ఆమె చెల్లెల్ని అడిగాడు.

"రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారండీ. ఎనిమిదేళ్ళయింది. అదెక్కడ, ఈ తలనొప్పెక్కడ అనుకున్నాం." చెల్లెలు బావురుమంది. "బయట ఆయన అడిగితే సిగ్గుపడి చెప్పలేదు. లోపల మీరొక్కమాట అడిగుంటే చెప్పేవాళ్ళం కదండీ!"

అతను గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడు? రేపట్నుంచి రమ్మను. లోపలే కుర్చీ వేయిస్తాను."

"ఇంకెక్కడి పెద్దాయన సార్? పోయి వారమైంది."

అతను వెనక్కి తిరిగి, ఆయన కూర్చునే బల్లకేసి చూశాడు.

"అసలెవరాయన? డాక్టరా?"

"కాదు సార్." గార్డు తలవంచుకున్నాడు. "మీరు బాధపడతారని చెప్పొద్దన్నాడు. నిరుడు తలనొప్పని వస్తే, 'భయం లేదు, హాయిగా ఇంటికెళ్ళమ్మా' అని మీరు పంపించాక నెలకే పోయిన ఆవిడ లేదూ... ఆవిడ భర్త."