ఎడమకి లాగుతోంది

"బ్రేకు కొడితే ఎడమకి లాగుతోందిరా," అన్నాడు నాన్న, మూడోసారి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంచుమించు ఆయన వయసున్న లారీ అది. పొద్దుట్నుంచి దాని కిందే పడి ఉన్నాను. ఒక్కో చక్రం బ్రేకు డ్రమ్ము వెనక కన్నంలో స్క్రూడ్రైవరు దూర్చి, లోపలి బ్రేకు షూ డ్రమ్ముకి రాసుకునేదాకా బిగించి, చక్రం తిరిగేటంత వదిలాను. రెండు పక్కలా పట్టు సమానంగా ఉంటే బండి తిన్నగా ఆగాలి. నేను నడిపితే తిన్నగానే ఆగింది కూడా.

"చేతకాలేదని ఒప్పుకో. ముందరి కుడి చక్రం బ్రేకు ఇంకాస్త బిగించి చావు. రేపు లోడుతో కొండ దిగాలి."

"అలా బిగిస్తే కుడికి లాగి లోయలో పడతావు! ఎవడు నేర్పాడు నాన్నా నీకు డ్రైవింగు?"

"మీ తాత. నీకు పని నేర్పినవాడే లేడుగా!"

స్క్రూడ్రైవరు విసిరికొట్టి ఆయన పక్క సీట్లోకి ఎక్కాను. "పోనియ్యి. నా కళ్ళ ముందు కొట్టు బ్రేకు."

కొంచెం దూరం పోనిచ్చి కొట్టాడు. బండి ఎడమకే తిరిగింది. ఈసారి నేను రోడ్డు చూడలేదు, ఆయన చేతులు చూశాను. ఎడమ చెయ్యి స్టీరింగును గుంజి పట్టుకుంది. కుడి చెయ్యి స్టీరింగు మీద ఊరికే ఆని ఉంది. వేళ్ళు ముడుచుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ కుడి చెయ్యి ఇలా?" అని అరిచాను.

నాన్న నా వైపు తిరగలేదు. "బ్రేకులు మొదటిసారే సరిగ్గా సెట్ చేశావురా," అన్నాడు.

దిగి, బండి చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన వైపు తలుపు తీశాను.

"జరుగు," అని కసిరాను. "రేపు కొండ నేను దింపుతాను."