టీవీలో మావిస్

"అది మన మావిస్ గొంతేనా? లండన్ దొరసాని ఎవరో మాట్లాడుతున్నట్టుంది," అంది ఫ్లోరీ, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి.

ఆ కుర్చీ హెట్టీ భర్త ఆల్బర్ట్‌ది. ఆయన పోయాక వీధిలో ఎవరూ దాంట్లో కూర్చోరు, పక్కింటి ఫ్లోరీ తప్ప. ఎప్పుడొచ్చినా తిన్నగా వెళ్లి అందులోనే చతికిలబడుతుంది. లెమ్మని చెప్పే నోరు హెట్టీకి లేదు.

వీధిలో ఇంకో రెండిళ్లలో టీవీ ఉన్నా, ఆ శనివారం అందరూ హెట్టీ ఇంటికే చేరారు. ఆమె కూతురు మావిస్‌కి కొత్త ఉద్యోగంలో అది మొదటి రోజు. ఒక కార్యక్రమం ముగియగానే తెర మీదికి వచ్చి, తర్వాతది ఏమిటో చెప్పి వెళ్లాలి.

"ఇప్పుడు కుస్తీ పోటీలు," అని ముత్యాల్లాంటి మాటల్లో చెప్పి నవ్వింది మావిస్. కుస్తీల బాజా మొదలై ఆమె గొంతు ఆగిపోయింది. మొహం మాత్రం ఇంకాసేపు తెర మీద నవ్వుతూ నిలిచి, తర్వాత మాయమైంది.

"చూశారుగా, అది నా కడుపున పుట్టింది," అంది హెట్టీ. మధ్యాహ్నం నుంచి అదే మాట. పండగ టోపీ పెట్టుకుని, పెదాలకి రంగు కూడా వేసుకుని కూర్చుంది.

"ఆ టోపీ దేనికే? పెట్టెలోంచి అది నిన్ను చూస్తోందనుకున్నావా?" అంది ఫ్లోరీ.

"అది చూడకపోతేనేం? నేను దాన్ని చూస్తున్నాగా."

"చూడు, చూడు. నా పక్క మగ్గం మీద దారం ముడెయ్యడం నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు దాని నోట్లో మన యాస పిసరంతైనా లేదు. మిల్లు కూలీ కూతుర్నని అక్కడ ఒక్కరికైనా చెప్పుకుని ఉంటుందంటావా?"

"సొంతంగా ఒక్క ముక్క అన్నా ఉద్యోగం ఊడుతుందట, ఫ్లోరీ. రాసిచ్చిందే చెప్పాలట," అని అడ్డుపడింది ఎదురింటి ఇడా.

"కన్ను కొట్టడానికేం? దానికి కూడా రాసివ్వాలా?"

ఆ మాట హెట్టీకి సూటిగా తగిలింది. కూతురు ఏదో ఒక గుర్తు చూపిస్తుందని ఆమెకీ ఆశే. గుర్రప్పందేల ముందు కళ్లు చించుకుని చూసింది. కుస్తీల ముందూ చూసింది. దేశమంతటికీ నవ్విన నవ్వే తప్ప తనకంటూ ఏమీ రాలేదు. నా పిల్ల ఇంకా నాదేనా అన్న భయం మొదలైంది.

టీ పెట్టడానికి లేచి, గోడనున్న అద్దం ముందు టోపీ సర్దుకుంది. అద్దంలో ఫ్లోరీ ఇడాతో నోరు కదుపుతూ కనిపించింది. ఆ గదిలోని ఆడవాళ్లంతా నేత మిల్లు వాళ్లే. మగ్గాల రొదలో ఎంత గొంతు చించుకున్నా వినపడదు కాబట్టి, వాళ్ల లాంకషైర్ ప్రాంతపు మిల్లుల్లో చప్పుడు లేకుండా పెదాలతోనే కబుర్లన్నీ నడుస్తాయి. ఇంట్లో కూడా చాటుమాటు సంగతులకి అదే వాడతారు.

'తల్లంటే దానికి సిగ్గు. ఈ పిచ్చిదేమో టోపీ పెట్టుకుని కూర్చుంది,' అన్నాయి ఫ్లోరీ పెదాలు.

హెట్టీ వెనక్కి తిరగలేదు. వంటింట్లోకి పోయి, కళ్లు తుడుచుకుని, టీ పట్టుకొచ్చింది. మొదటి కప్పు ఫ్లోరీకే ఇచ్చింది.

కుస్తీలయ్యాయి. ఫుట్‌బాల్ ఫలితాలు చదివారు. పిల్లల బొమ్మలు గెంతాయి. మావిస్ వస్తోంది, చెబుతోంది, నవ్వుతోంది, పోతోంది. వచ్చిన ప్రతిసారీ హెట్టీ వెన్ను నిటారుగా పెట్టింది. పోయిన ప్రతిసారీ ఫ్లోరీ కుర్చీ చేతుల మీద వేళ్లతో దరువేసింది.

సాయంత్రం వార్తలు ముగిశాయి.

"ఈ పాటల కార్యక్రమం చెప్పేస్తే మావిస్ డ్యూటీ అయిపోతుంది," అంది ఇడా మెల్లగా.

గదిలో అందరూ కప్పులు కింద పెట్టేశారు. మావిస్ వచ్చింది. ఎవరెవరు పాడతారో అదే దొరసాని గొంతుతో పొల్లుపోకుండా చెప్పింది. బాజా మొదలైంది. గొంతు ఆగిపోయింది.

"నేను చెప్పలేదూ," అంది ఫ్లోరీ.

మావిస్ మొహం ఇంకా తెర మీదే ఉంది. ఈసారి నవ్వలేదు. తెర మీంచి మాయమయ్యేలోపు ముగిసేలా లెక్క చూసుకుంటూ, పెదాలు బాగా సాగదీసి, చప్పుడు లేకుండా నోరు కదిపింది. ఆ మొహం పోయి గాయకులు వచ్చారు. దేశంలో మిగతా జనానికి ఆ అమ్మాయి పళ్ల మధ్య ఏదో ఇరుక్కుందనిపించి ఉంటుంది.

గదిలో ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. హెట్టీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, తల మాత్రం ఎత్తే ఉంచింది. "అది నా కూతురు," అంది, ఈసారి ఎవరికో గొప్ప చెప్పుకోడానికి కాదు, తనలో తనే.

ఫ్లోరీ మొహం కందగడ్డయింది. కప్పు పట్టుకుని లేచి, ఎవరి వంకా చూడకుండా పోయి, తలుపు దగ్గరున్న బొగ్గుల పెట్టె మీద కూర్చుంది.

ఇడా మొగుడు వాల్టర్ రైల్వే మనిషి. మిల్లు గడప తొక్కినవాడు కాదు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమైందే మీ అందరికీ? ఆ పిల్ల నోరాడించింది. ఏమంది?"

ఇడా ఏప్రన్ అంచుతో కళ్లొత్తుకుంది.

"'అమ్మా, టీ పెట్టి ఉంచు, రేపు పొద్దున్న బండికి వస్తున్నా. ఈలోగా ఫ్లోరీ అత్తని మా నాన్న కుర్చీలోంచి లెమ్మను' అంది."