తప్పు గొంగడిది

కోదాడ నాకా దగ్గర మూడోసారి వీపు వాచాక కాటయ్యకు జ్ఞానోదయమైంది. తప్పు తనది కాదు. గొంగడిది.

అది నలభై ఎనిమిది వేసవి. నిజాం ఇలాకా ఆ నాకాతో ఆఖరు. దాటితే జగ్గయ్యపేట. భార్య రుక్కమ్మ అక్కడే పుట్టింట్లో ఆడపిల్లను కన్నది.

సూర్యాపేట గొల్ల కాటయ్య మందలో పుట్టిన ప్రతి గొర్రెపిల్లనూ తన చేతుల మీదే అందుకున్నవాడు. సొంత బిడ్డ ముఖం మాత్రం చూడలేదు. చూద్దామంటే నాకా జవాన్లకు మనిషితో పనిలేదు, బట్టలతోనే పని. గొంగడి, కర్ర కనబడితే చాలు, సర్కారు మీద తిరగబడ్డ సంఘపోడని నాలుగు తగిలించి వెనక్కి తరిమేవారు. షేర్వాణీ, ఎర్రటి రూమీ టోపీ కనబడితే పేరైనా అడగకుండా సలాం కొట్టేవారు.

వానలు పడ్డాయి. తమ్ముడు ఐలన్నతో కలిసి కాటయ్య మందను పెద్దవూర అడవికి తోలుకుపోయాడు. వెళ్లేముందే రుక్కమ్మ కబురు అందింది. “పిల్ల మనుషులను ఆనవాలు పడుతున్నది. ఇంకా ఆలస్యం చేస్తే నిన్ను చూసి జడుసుకుంటది.”

ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. రెండు నెలలు అడవిలో గొర్రెల మధ్య కూర్చుని అదే ఆలోచించాడు. గొర్రెల మధ్య ఆలోచించాడు కాబట్టి ఉపాయం కూడా ఆ స్థాయిలోనే తట్టింది. మందను తమ్ముడికి అప్పగించి, అడ్డదారిన మిర్యాలగూడలో దిగాడు.

అక్కడ తహశీలు కచేరీ చప్రాసీ ఫకీరా అతని పాత దోస్తు. పట్టపగలు తలుపులు బిగించుకొని ఉన్నాడు. గొంతు గుర్తుపట్టాక ఒక రెక్క తీసి, కాటయ్యను లోపలికి లాగి, మళ్లీ గడియ పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి.

“జరమొచ్చిందా ఏందే?”

“జరమే,” అన్నాడు ఫకీరా.

కాటయ్య తన గోడు వెళ్లబోసుకున్నాడు. “నీ షేర్వాణీ, టోపీ జర ఇయ్యరాదే, ఫకీరన్నా. బదులు నా గొంగడి తీస్కో. కొత్తది.”

కొత్తదేమీ కాదు. నాలుగు చోట్ల చిల్లులు. ఫకీరా విప్పి చూడనైనా లేదు. అక్కడికక్కడే షేర్వాణీ గుండీలు తీశాడు.

“నా పైజామా, బూట్లు గూడ తొడుక్కో. నీ ధోతి, చెప్పులు, కర్ర గీడ ఇడిశిపో,” అన్నాడు.

కాటయ్య లోలోపల మురిసిపోయాడు. చిల్లుల గొంగడికి నిగనిగలాడే షేర్వాణీ! సూర్యాపేట సంతలో తలపండిన దళారులు కూడా ఇంత ఘనకార్యం చేసి ఉండరు.

ఫకీరా అతనికి మూడు ఉర్దూ ముక్కలు నేర్పాడు. ఒక సలహా కూడా ఇచ్చాడు. “తొవ్వల ఎవ్వలతోని మాట్లాడకు. పక్కకు గూడ సూడకు. సర్కారు మనుషులు గట్లనే నడుస్తరు.”

తర్వాత ఏవేవో అడుగుతూ కూర్చున్నాడు. రుక్కమ్మ తల్లిగారిల్లు ఏ వాడలో? బిడ్డకు ఎన్నో నెల? గొంగడిని తలమీదుగా కొప్పెర ఎట్లా వేసుకుంటారు? గొర్రెలను ఎట్లా పిలుస్తారు? జ్వరంలో మనిషికి కాలక్షేపం కావాలి గదా అని కాటయ్య అన్నీ చెప్పాడు. గొర్రెల పిలుపు మూడుసార్లు వినిపించాడు. ఫకీరా చక్కగా పట్టేశాడు.

సాగనంపేటప్పుడు ఫకీరా అతని చేతులు పట్టుకొని ఏడ్చాడు. “మాఫ్ చెయ్యి, కాటన్నా.”

ఎందుకో కాటయ్యకు పావుకోసు నడిచాక తెలిసింది. బూట్లు బిగుతు. ఒక రోజు నడక రెండు రోజులైంది.

కానీ ఏం దర్జా! అతన్ని చూడగానే ఊళ్లలో తలుపులు మూసుకున్నాయి. బావి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి పరుగెత్తారు. ఒక జొన్నచేలోంచి వడిసెల రాయి చెవి పక్కగా దూసుకుపోయింది. పిట్టలను కొడుతున్నారు కాబోలనుకున్నాడు. పక్కకు చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మీసం మాత్రం రెండుసార్లు దువ్వుకున్నాడు.

నాకా దగ్గర జవాన్లు కొత్తవాళ్లు. బదిలీ అయి వచ్చారనుకొని, కాటయ్య ఛాతీ విరిచి ముందుకు నడిచాడు.

“సలామలేకుం. సర్కారీ కాం. జల్దీ హై.”

జవాను తుపాకీ గురిపెట్టాడు. వినబడలేదేమోనని కాటయ్య ఆ మూడు ముక్కలే ఇంకా గట్టిగా చెప్పాడు. ఇంకో ఇద్దరు జవాన్లు పరుగెత్తుకొచ్చి అతన్ని దుమ్ములో కూలదోశారు. టోపీ ఎక్కడో పడింది.

అతని కళ్లముందే గొంగళ్లవాళ్లు, గంపలవాళ్లు నవ్వుకుంటూ నాకా దాటిపోతున్నారు. ఆపేవాడే లేడు. కాటయ్యకు ఏడుపొచ్చింది. అవతల కూతవేటు దూరంలో బిడ్డ ఉన్నట్టే ఉంది.

జవాన్లకు తెలుగు రాదు. మాటలు అటూ ఇటూ చెప్పడానికి కోదాడ మనిషి సైదయ్యను పెట్టుకున్నారు. కాటయ్య అతని కాళ్లమీద పడ్డాడు.

“అయ్యా, నేను సర్కారు మనిషిని గాను. సూర్యాపేట గొల్ల కాటయ్యను. జగ్గయ్యపేటల నా పెండ్లాం రుక్కమ్మ ఉన్నది. అయిదు నెల్ల బిడ్డ. ఇంకా మొకం సూడలే.”

సైదయ్య పగలబడి నవ్వాడు.

“నమ్మకుంటే గొర్లను పిలిసి సూపిస్త!”

పిలిచాడు. ఎండిన గొంతులోంచి కాకి అరుపు లాంటిదేదో వచ్చింది.

సైదయ్య కళ్లు తుడుచుకొని అన్నాడు.

“నిజాం లొంగిపోయి వారమైంది, ఇంకా ఏ లోకంలో ఉన్నావు గానీ, ఆ సూర్యాపేట గొల్ల కాటయ్య నిన్న పొద్దుటే గొంగడి కప్పుకొని వచ్చి, గొర్రెలను నీకంటే బాగా పిలిచి చూపించి, బిడ్డను చూడాలని దాటిపోయాడు.”