పేజీలో మిగిలిపోయిన నంబర్

“ఒరే, అది పిల్లల ఆస్పత్రిరా! నువ్వు చేసే దాంట్లో ఒక్క ముక్క అటూ ఇటూ అయితే ఏ తల్లికి కడుపుకోత తెస్తావో ఏమో!”

టీ గ్లాసు కొడుకు ముందు పెడుతూ అమ్మ మొదలుపెట్టింది.

“వెబ్‌సైటమ్మా అది, ఆపరేషన్ కాదు,” అన్నాడు కొడుకు, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

“అందులో చూసే కదరా ఫోన్లు చేస్తారు!”

అంతలో ఎవరో తలుపు తట్టారు.

అమ్మ తలుపు తీసి, ముక్కు మూసుకుంది.

గుమ్మంలో ఒక పెద్దాయన. మాసిన బట్టల కంపూ మందుల కంపూ కలిసి గుప్పున కొట్టాయి. దగ్గి, చేతిగుడ్డలో ఉమ్మి, ఆ గుడ్డనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆస్పత్రి పేజీ అడుగున మీ అబ్బాయి చిరునామా చూసి వచ్చానమ్మా. అందులో నా ఫోన్ నంబరుంది.”

“నీ నంబర్ అందులో ఎందుకుంటుందయ్యా?”

కొడుకు మొదటి పేజీ తెరిచి చూపించాడు. “ఇదిగోండి, ఆస్పత్రి కొత్త నంబర్. ఒక్కచోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారిపోతుంది.”

“ఇక్కడ బానే ఉంది బాబూ. లోపల... పిల్లలు విషం తాగితే ఏం చెయ్యాలో చెప్పే పేజీలో...” దగ్గు మాట సాగనివ్వలేదు. “ఫోన్ మోగుతూనే ఉంటుంది. నా వల్ల ఇంక...”

“విసుగొస్తే ఎత్తకు! మావాడి నోటికాడి కూడు లాగేద్దామని వచ్చావా?”

“అయ్యో, అది కాదమ్మా...”

“ముందు గడప దిగు. తుంపర్లన్నీ ఇంట్లో పడుతున్నాయి, ఛీ!”

ఆయన ఇంకేదో అనబోయి, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఏం రోగం తగిలించి పోయాడో అని సణుక్కుంటూ అమ్మ గడపంతా ఫినాయిల్ పోసి కడిగింది.

కొన్ని వారాలకు ఆస్పత్రివాళ్ళు ఆ విషం పేజీలోనే ఒక బొమ్మ మార్చమన్నారు.

ఫైలు తెరిచిన కొడుకు, “ఛీ ఛీ!” అంటూ కుర్చీ వెనక్కి నెట్టాడు.

“ఏమైందిరా? ఎవరికేమైంది?”

“నాకంటే ముందు చేసిన మహానుభావుడు పేజీ మొత్తం హెచ్‌టీఎంఎల్‌ని ఒకే ముద్దగా పీహెచ్‌పీ కొటేషన్ల మధ్య కుక్కేశాడమ్మా. కుళ్ళుకుప్ప! ఎక్కడ వేలు పెట్టినా ఒక కొటేషన్ ఊడి పేజీ ఆగిపోతుంది.”

“నాకర్థమయ్యేలా ఏడువు.”

“పేజీలో మారని రాతనంతా, అంటే హెచ్‌టీఎంఎల్‌ని, విడి ఫైల్లో పెట్టుకోవాలి. నంబర్ లాంటి మారేవాటిని మాత్రం ప్రోగ్రాంతో, అంటే పీహెచ్‌పీతో, తెప్పించాలి. వీడు నంబర్‌ని కూడా ఆ ముద్దలోనే చేత్తో కొట్టేశాడు. నేను చేసిన మార్పు దీన్ని తాకనే లేదు.” కొడుకు గొంతు తగ్గింది. “పాత నంబరే ఉందమ్మా. ఆస్పత్రి వదిలేశాక ఫోన్ కంపెనీ దాన్ని ఆయనకిచ్చినట్టుంది.”

అమ్మ కళ్ళు గడప వైపు తిరిగాయి.

“అంటే... విషం తాగిన పిల్లల తల్లులంతా ఆయనకే చేశారా?”

కొడుకు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ముద్దంతా విడదీసి, విడి ఫైల్లోకి మార్చి, నంబర్ సరిచేసేదాకా తలెత్తలేదు.

“ఎత్తకు అన్నానురా నేను!” అమ్మకు తన నోరంటేనే అసహ్యం వేసింది. “ఆయన నిజంగానే ఎత్తకపోతే ఏ బిడ్డ ఏమైపోయిందో! చెయ్యరా ఆ నంబర్‌కి. ఎవరికీ ఏం కాలేదని ఆయన నోటితోనే వినాలి.”

కొడుకు నంబర్ కొట్టి ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

మోగి మోగి ఆగిపోయింది.

మళ్ళీ చేశాడు. ఈసారి ఎవరో ఎత్తారు. కానీ ఊపిరి చప్పుడే తప్ప మాట లేదు.

“హలో... బాబూ... హలో!” అమ్మ భోరుమంది.



చివరికి ఒక ఆడగొంతు, కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టు తడబడుతూ అంది: “ఏడవకమ్మా, బిడ్డకి వాంతి మాత్రం చేయించొద్దు, తాగిన సీసా పట్టుకుని బయల్దేరు... మా అన్నయ్య పోయాడు గానీ, ఈ ఫోన్ మోగినప్పుడల్లా ఎత్తి ఆస్పత్రి కొత్త నంబర్ చెప్పమని, మీరు అక్కడికి చేరేదాకా తనలాగే మాట్లాడుతూ ఉండమని నాకు అన్నీ నేర్పించే పోయాడు.”