అటువైపు పెద్దమనిషి

"కాస్త జరుగు పెద్దాయనా, మా అమ్మాయి విడాకులకొచ్చింది" అంది హాజా తహియ్యా, పెళ్ళికొచ్చినంత దర్జాగా.

ఆయన జరిగాడు. ఇస్త్రీ చేసిన పొడుగు చొక్కా లాంటి గలాబియా, ఒళ్ళో వేయించిన శనగల పొట్లం.

ఈజిప్టులోని తాంతా ఊళ్ళో ఫ్యామిలీ కోర్టు వరండాలో ఆ పక్కకంతా ఉన్నది ఒకటే బెంచీ. ఆ చివర షౌకీ, ఈ చివర అతని పెళ్ళాం నజ్లా, పక్కన ఆమె తల్లి. మొగుడూ పెళ్ళాలు ఎడమొహం పెడమొహం. మధ్యలో ఆ ముసలాయన.

మొగుణ్ణి వదిలించుకోవడానికి ఖులా అడిగితే, ఆడదొక్కతే కోర్టుకొస్తే చాలదు. ఆమె తరఫున ఒక పెద్దమనిషి, అతని తరఫున ఒక పెద్దమనిషి రావాలి. కాపురం నిలబడేదో కానిదో చూసి జడ్జికి చెప్పాలి. నజ్లా మేనమామ ఎక్కిన మైక్రోబస్సు ఇంకా దారిలోనే ఉంది.

షౌకీ లేచి వెళ్ళి టీ తెచ్చాడు. తనకు కాదు, ముసలాయనకి.

తల్లి నజ్లాను మోచేత్తో పొడిచింది. "చూశావా, వాళ్ళ పెద్దమనిషి. లాయరేం చెప్పాడు? ఈయన ముందు నీ మొగుణ్ణి తిట్టావో, పంతం పట్టి ఏడాది తిప్పుతాడు. నోట్లో బెల్లం పెట్టుకుని మాట్లాడు."

నజ్లా సంచీలోంచి నువ్వుల రొట్టె తీసింది. "తిను బాబాయ్."

షౌకీ ఓరగా చూశాడు. వెంటనే వెళ్ళి పాకంలో నానిన బస్బూసా మిఠాయి ముక్క తెచ్చి పెట్టాడు.

నజ్లా ఖర్జూరం బిస్కెట్లు దించింది.

ముసలాయన ఎవరి మనసూ నొప్పించకుండా అన్నీ తిన్నాడు.

"ఆ శనగలు విప్పవేం?" తహియ్యా ఉండబట్టలేక అడిగింది.

"మా ఆవిడకి. చాలా ఇష్టం. ఇన్నేళ్ళూ తేవడమే మర్చిపోయాను."

"అదృష్టవంతురాలు" అంది తహియ్యా.

"ఇంతకీ మీ గొడవేమిటమ్మా?"

నజ్లా గొంతు తియ్యగా చేసుకుంది. "మనిషి మంచివాడే బాబాయ్. ఏనాడూ చెయ్యెత్తలేదు. కాకపోతే ఆయన కాపురం డాబా మీద, పావురాలతో. నాకు జ్వరమొస్తే ఒక్క మాత్ర తేలేదు. పావురానికి జలుబు చేస్తే ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చున్నాడు."

"ఆవిడదీ బంగారం లాంటి మనసే" అన్నాడు షౌకీ గోడకేసి చూస్తూ. "ఆ చేతివంట తిన్నాక ఇంకో ఇంట్లో ముద్ద దిగదు. అందుకే నా పాషాని కూడా వండి పెట్టింది."

ముసలాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పాషా ఎవరు నాయనా?"

"పందెం పావురం. సముద్రం ఒడ్డున వదిలితే పొద్దు వాలకముందే గూటికొచ్చేది."

నజ్లా బెల్లం సంగతి మర్చిపోయింది. "వాళ్ళమ్మ చెప్పాపెట్టకుండా భోజనానికి దిగింది బాబాయ్. బజారుకెళ్ళే టైమేదీ? గూట్లో చెయ్యి పెట్టి దొరికినవి పట్టుకున్నాను. నా కళ్ళకి అన్నీ ఒకలాగే ఉంటాయి. పచ్చిగోధుమ నూక కూరి వేయించాను. ఈయన తిని, త్రేన్చి, డాబా ఎక్కి పాషా, పాషా అని పిలవడం మొదలెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు నుంచి డాబా మీదే పడక. నాతో మాటల్లేవు."

"రుచిగా ఉందా నాయనా?" ముసలాయన అడిగాడు.

షౌకీ గోడని ఇంకాస్త శ్రద్ధగా చూశాడు.

"అబద్ధమాడకు, కోర్టులో ఉన్నావు" అంది నజ్లా. "వాళ్ళమ్మ ప్లేటులోది కూడా అడిగి మరీ తిన్నాడు."

"ఆ రెండోదే పాషా" అన్నాడు షౌకీ నీరసంగా. "కండ గట్టిగా ఉందనిపించింది."

నజ్లా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు, కిసుక్కుమంది. అటుచివర షౌకీ భుజాలు ఊగుతున్నాయి.

"జ్వరమని నువ్వు నాతో చెప్పలేదే" అన్నాడు నవ్వు ఆపుకుని.

"పావురం చెప్పిందా నీకు?"

షౌకీ తల దించుకున్నాడు. "తప్పు నాదే. ఇంటికెళ్దాం పద."

లోపలి నుంచి బంట్రోతు కేకేశాడు. "బదావీ అబ్దుల్ జవ్వాద్."

ముసలాయన పొట్లం పట్టుకుని లేచాడు.

"జడ్జిగారికి మా గురించి మంచిగా చెప్పు బాబాయ్" అంది నజ్లా.

"చెబుతానమ్మా."

ఆయన లోపలికి వెళ్ళగానే షౌకీ బెంచీ మధ్యకు జరిగాడు. నజ్లా కూడా కాస్త జరిగింది. తహియ్యా కిటికీలోంచి ట్రామును చూస్తున్నట్టు నటించింది. ఆ వీధిలో ట్రాము లేదు.

లోపల ఎంతోసేపు పట్టలేదు. ముందు ఒక ముసలావిడ కొడుకుల్ని వెంటేసుకుని, ఎవర్నీ చూడకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఆయన వచ్చాడు.

"అయిపోయిందా బాబాయ్?"

"అయిపోయిందమ్మా."

శనగల పొట్లం నజ్లా ఒళ్ళో పెట్టాడు. "మరి మీ ఆవిడకో?" అని ఆమె అడిగేలోపే మెట్లు దిగిపోయాడు.

"మీ పెద్దమనిషి ఎంత మంచివాడో" అంది నజ్లా పొట్లం విప్పుతూ.

"మా పెద్దమనిషేంటి? మా పెదనాన్న పంటినొప్పితో రానేలేదు. ఆయన మీవాడు కదా?" అన్నాడు షౌకీ.

"మావాడైతే నా బిస్కెట్లన్నీ ఎందుకు మేపుతాను?" అంది తహియ్యా.

ముగ్గురూ వెళ్ళి బంట్రోతుని అడిగారు.

"బదావీనా? ఆయన కేసుకే ఆయన వచ్చాడు. పెళ్ళాం ఖులా అడిగింది, ఇవాళ ఆఖరి వాయిదా" అన్నాడు బంట్రోతు. "నీ గురించి మంచిమాట చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని జడ్జిగారు అడిగారు. బయట బెంచీ మీద ఇద్దరున్నారయ్యా, కానీ ఇప్పుడిప్పుడే నవ్వుకుంటున్నారు, వాళ్ళని పిలవకండి అన్నాడాయన."