నాలుగో మజిలీ

రాత్రి కురిసిన మంచుకి గోంగూర మొక్క మాడిపోయింది. కుండీ లోపల పెట్టాల్సింది ఎవరన్నదాని మీద సాయంత్రం దాకా గొడవ.

"లోపల పెట్టమని చెప్పానా లేదా?" అంది నీలిమ.

"చెప్పావు. ఎవరికి చెప్పావన్నదే డౌటు," అన్నాడు విజయభాస్కర్.

"ఇట్స్ జస్ట్ ఎ లీఫ్, మమ్," అన్నాడు ఆర్యన్, ఫోన్లోంచి తలెత్తకుండా.

సిడ్నీ శివారు ద పాండ్స్‌లో జూలై చలి అలాంటిది.

ఏడింటికి బ్రెజిల్ నుంచి జనార్దనరావు ఫోన్. అక్కడప్పుడు పొద్దున ఆరు. డిసెంబరు సెలవుల్లో ఆ దేశం తిరగడానికి ప్లాన్ వేసిపెడతారని, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన నంబరిచ్చారు.

"రియో మూడు రోజులమ్మా. ఇగ్వాసు జలపాతం రెండు. సాల్వడార్ రెండు. నాలుగోది మా సావో లూయీస్. ఆఖర్న అమెజాన్."

"సావో లూయీస్ తీసేయమన్నాను కదండీ. అక్కడేముంది?"

"గోంగూర ఉందమ్మా. ఇక్కడివాళ్లు అన్నంలోకి వండుకుంటారు. మీ అత్తగారికి మెట్లెక్కే పని లేకుండా కింద గది కూడా చూశాను."

భాస్కర్ గొంతు తగ్గించాడు.

"గోంగూర కోసం బ్రెజిలా? బ్లాక్‌టౌన్‌లో కట్ట దొరకదా? ఆ గదివాళ్లతో ఈయనకేదో లాలూచీ ఉంది."

అత్తగారు సత్యభామ మాత్రం ఫోన్ అందుకుని రేపల్లె కబుర్లు అరగంట చెప్పింది. కూర చల్లారిపోయింది.

ఆ ఊరు తీసేయమనడం ఇది మూడోసారి. ఫోన్ పెట్టేశాక నీలిమ మెసేజ్ పంపింది: 'నాలుగో మజిలీ లేకుండా ప్లాన్ ఈమెయిల్ చేయండి. ఇక ఫోన్లు వద్దు.'

మర్నాడే వచ్చింది. సావో లూయీస్ లేదు. మిగతా ప్రతి ఊళ్లోనూ లిఫ్టున్న హోటలు, పెరుగు దొరికే కొట్టు, సత్యభామ ఇన్సులిన్‌కి ఫ్రిజ్ – అన్నీ రాసి ఉన్నాయి.

"ఆయన ఫోన్ చేయడం లేదేమే?" అని సత్యభామ రెండుసార్లు అడిగింది.

"ప్లాన్ అయిపోయింది కదా, అత్తయ్యా."

మూడు వారాలకు అదే నంబరు నుంచి ఇంగ్లీషులో మెసేజ్. రాసింది ఆయన కూతురు. నాన్న పోయారు. హాస్పిటల్లో చివరి రెండు రోజులూ తెలుగులోనే మాట్లాడారు. నాకు తెలుగు రాదు. ఆయన ఫోన్లో ఆఖరి తెలుగు నంబరు మీదే. ఏమన్నారో చెప్పగలరా?

కింద చిన్న రికార్డింగు. నీలిమ స్టవ్ దగ్గరే నిలబడి వింది.

"కింద గది సర్దారా? ఆవిడ మెట్లెక్కలేరు. గోంగూర లేతది కోయండి. సిడ్నీ వాళ్లొచ్చే వేళయింది."

స్టవ్ ఆపేసింది. ఆ గది ఏ హోటల్లోదని మాత్రం అడిగింది. జవాబు వెంటనే వచ్చింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, ఆయన పోయిన సంగతి చెప్పింది. సత్యభామ ముద్ద కంచంలో వదిలేసింది.

"నాలుగో మజిలీ సావో లూయీస్. రెండు రోజులు," అంది నీలిమ.

"ఇప్పుడెందుకు? ఆయనే లేరుగా," అన్నాడు భాస్కర్.

"చివరికి ఏమన్నారో ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని చెప్పాలి."

"దిగేదెక్కడే? ఆ ఏజెంటు చూసిన గదిలోనేనా?" అంది సత్యభామ.

"ఆయన ఏజెంటు కాదు, అత్తయ్యా. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారట. ఆ గది వాళ్లింట్లోదే. తెలుగు మాట వినడానికే అడిగినవాళ్లందరికీ ప్లాన్లు వేసిచ్చి, ఒక్కరైనా వచ్చి దిగుతారని పదకొండేళ్లుగా దాన్ని సర్దుతూనే ఉన్నారట."