పడవకు పోసిన రెండో చెంబు

తెల్లారితే తెరచాప పడవ పాకాల చెరువులో దిగాలి. లోపలి తొట్టి నీళ్లు బయటికి పోయే పైపు పగిలింది. అది కారితే చెరువు నీళ్లు లోపలికొచ్చి పడవ మునుగుతుంది. నలభై ఏళ్లు ఇళ్లకు పైపులు వేశాను, పడవకు ఇదే మొదలు. సంబరంతో చేతులు ఆగలేదు.

చీకటిపడ్డాక కొత్త పైపు బిగించి, ఎక్కడైనా కారితే మరక తెలిసేలా పసుపు కలిపిన నీళ్లు చెంబెడు తొట్టిలో పోశాను. గట్టు మీద నిలబెట్టిన ఆ పడవ కింద, పైపు చివర నా భార్య చిలుకమ్మ బకెట్ పట్టింది; చెంబెడు నీళ్లూ అందులో పడ్డాయి. తొట్టి తుడిచి, చెంబు అక్కడే వదిలి, నిచ్చెన దిగాను.

"చిలుకా, చుక్క కారలే!"

"ఆగయ్యా, నీళ్లు మల్ల వస్తానయి."

పసుపు నీళ్లే. నిండు చెంబెడు.

"పైన ఎవరున్నరు?" అంది.

పడవలో చెంబు ఠంగుమంది. నిచ్చెన నా భుజం మీదుంది.